లోపలికి మడిచిన అంచు

పాపకు ఎనిమిది నెలలు నిండినా నేను దానికి ఒక్క కొత్త అంగీ కుట్టలేదు. గుడ్డ లేక కాదు. సిరిసిల్లలో మా ఇంట్లో రెండు సాంచాలు నడుస్తాయి, పగలంతా ఆ మరమగ్గాల చప్పుడులోనే మా మాటలు. ఇరవై ఒకటో రోజు దాకా పసిపిల్లలకు కొత్త బట్ట వేయకూడదని మా ఆచారం. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన చీరల ముక్కలే చుడతాం. ఆ రోజు నిండాక కుట్టమని మా ఆయన తెల్లటి నూలు గుడ్డ తెచ్చి ఇచ్చాడు. అదే వారంలో, జగిత్యాలలో మా అమ్మగారింట్లో ఉండగా, అక్కడి డాక్టరు పాప గుండెలో రంధ్రం ఉందన్నాడు.

గుడ్డ పెట్టెలోకి పోయింది. కత్తెర పట్టుకుంటే చేయి ఆడేది కాదు. కుట్టిన అంగీ మిగిలిపోయి పిల్ల లేకపోతే? అత్తమ్మ అడిగినప్పుడల్లా కుట్టుమిషను ఖరాబయిందని చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా ఇది రాస్తూ మధ్యలో లేచి, నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒకసారి పాపను హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోతుంటే రాస్తారోకోలో బస్సు ఆగిపోయింది. ఎండలో ఏడ్చి ఏడ్చి దాని పెదవులు నీలంగా మారాయి. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళే నీళ్ళు తెచ్చి, మా బస్సుకు దారి ఇప్పించారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. మా ఊరి దీక్షా శిబిరంలో మా ఆయనా వంతులవారీగా కూర్చుంటున్నాడు. కానీ పాపను మళ్ళీ ఆ దారిన తీసుకుపోయే ధైర్యం లేకపోయింది. అందుకని స్కానింగు కరీంనగర్‌లో తీయించి, ఆ కాగితాలు పట్టుకుని నేనొక్కదాన్నే హైదరాబాదు బయలుదేరాను. మర్నాడు బంద్. పాపను అత్తమ్మ దగ్గర వదిలి ఒక పూట ఉండడం అదే మొదటిసారి.

"సారు నాలుగింటికి చూస్తరు. అప్పటిదాకా ఎక్కడన్న కూసో పో అమ్మా" అంది ఆసుపత్రిలో నర్సు.

అక్కడున్న పిల్లలందరూ ఎవరో ఒకరి ఒళ్ళో ఉన్నారు. నేను కూర్చోలేకపోయాను. కొంత దూరం నడిస్తే మ్యూజియం కనిపించింది. నిజం చెప్పాలంటే నీడ కోసం, ఒక బాత్రూం కోసం టిక్కెట్టు కొన్నాను. పొద్దున్నుంచి పాప తాగక రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. తలుపు వేసుకుని పాలు పిండి పారబోస్తుంటే ఏడుపు వచ్చింది.

తరువాత బొమ్మల గదుల్లో తిరిగాను. రాణులు, గుర్రాలు, ఏదో దేశపు పూలకుండీలు. ఏదీ కంటికి ఆనలేదు. బట్టలు పెట్టిన గదిలో మాత్రం కాళ్ళు ఆగాయి. అద్దాల బీరువాలో ఒక పసివాడి పట్టు అంగీ ఉంది. మెడ చుట్టూ జరీ. కింద కార్డు మీద 'బాలుని అంగీ, పట్టు' అని మాత్రమే ఉంది. పోయిన పిల్లల బట్టలనే గదా ఇంత భద్రంగా దాచుకుంటారు అనిపించింది.

మా ఇళ్ళలో గుడ్డ చేతికొస్తే ముందు తిరగేసి చూస్తాం. ఎంత చదువుకున్నా నాకు ఆ అలవాటు పోలేదు. అంగీని నిలబెట్టిన అర కూడా అద్దమే కాబట్టి, నేల మీద చేయి ఆనించి, తల వంచి కిందినుంచి చూడబోయాను.

"ఓ అమ్మా! ఏమన్న పడ్డదా?" అంటూ కాపలా ఉన్న పెద్దాయన వచ్చాడు. తెల్లగడ్డం, నెత్తిన టోపీ.

"లేదు చాచా. ఉల్టా ఎట్లుందో చూస్తున్న."

"ఉల్టానా? గిన్నేండ్ల సంది గీడ నిలబడుతున్న. సీదా సక్కగ చూసెటోళ్ళే లేరు, నువ్వు ఉల్టా చూడవడ్తివి. ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల."

"గదీ సంగతి! మాది కోరుట్ల. సిరిసిల్లోళ్ళు పెండ్లికొచ్చినా పెండ్లిపిల్లను చూడరు, చీర అంచు చూస్తరు."

నాకు నవ్వు రాలేదు. "చాచా, గీ పిలగాడు బతికిండా?" అని అడిగాను.

ఆయన నవ్వు ఆపాడు. "గట్ల ఎవ్వరూ అడగలే బిడ్డా. నాకెరుక లేదు." జేబులోంచి టార్చి తీశాడు. "ఇగో, లైటు కొడ్త. జల్ది చూడు, మా సారు వస్తడు."

వెలుగులో లోపలి వైపు కనిపించింది. కింది అంచును మూడు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి కుట్టారు. ఆ కుట్టుకు పైన, పట్టు మీద సన్నటి సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. దానికి పైన ఇంకో వరస. అంటే రెండుసార్లు కుట్టు విప్పి, మడత తగ్గించి, అంగీని పొడుగు చేశారు.

"రెండుసార్లు పెరిగిండు చాచా" అన్నాను.

తరువాత ఏమయ్యాడో ఆ అంగీ చెప్పలేదు. ఇంకా మూడు వేళ్ళ గుడ్డ మడతలోనే ఉంది.

లేచి నిలబడేసరికి నా పైట తడిసి ఉంది. ఫైలు అడ్డం పెట్టుకున్నాను. ఆయన చూపు పక్కకు తిప్పుకుని టార్చి ఆర్పాడు. "ఇంట్ల చిన్నపిల్ల ఉన్నట్టుంది. పో బిడ్డా, బస్సులు పొద్దుగూకక ముందే ఆపుతరట."

నాలుగింటికి డాక్టరు కాగితాలు చూశాడు. రంధ్రం మూసుకుపోలేదు, పెరగనూ లేదు. ఏడాది నిండాక మళ్ళీ చూసి ఆపరేషన్ సంగతి చెప్తానన్నాడు.

మర్నాడు బంద్‌కు సాంచాలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పెట్టె మూత తీసిన చప్పుడు అత్తమ్మకు వినిపించినట్టుంది, వచ్చి గడపలో నిలబడింది.

"మిషను బాగయిందా?"

"అయింది అత్తమ్మా."

"గంత పెద్దగ కోస్తున్నవేందే? పిల్ల అండ్ల మునుగుతది."

"అంచు లోపటికి మడుస్త."

"ఎంత?"

నాలుగు వేళ్ళు గుడ్డ మీద ఆనించి చూపించాను. ఆమె పాపను చంకన సర్దుకుని కిందికి వంగి, నా చేతి పక్కన తన మోటు చేయి పెట్టింది.

"నీయి సన్న వేళ్ళు. నాయి నాలుగు మడువు" అంది.