మా బావ ముక్కు లారీ

మా బావ పోయాడని ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చే సమయానికి నేను నా లారీ బానెట్‌ను మెత్తటి గుడ్డతో రుద్దుతున్నాను. ఫోన్ చేసింది మా అక్క. "మీ బావ లేడురా. పొద్దున కాఫీ తాగి, కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు" అంది. గుడ్డ పక్కన పడేసి అక్కడే కూలబడ్డాను. నిజం చెప్పాలి కదా, ఏడుపు రావడానికి ఒక్క క్షణం ముందు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఏడాది ఊరేగింపులో ముందు నడిచే లారీ నాదే అని. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మీతో అంటున్నాను. దీన్ని దాచిపెట్టి ఆయన గురించి ఎంత మంచి రాసినా అది అబద్ధమే.

మా పక్క పాత లారీల పిచ్చోళ్లం కొందరం ఉన్నాం. ఇంజను ముందుకు ముక్కులా పొడుచుకొచ్చిన పాతకాలపు లారీలంటే మాకు ప్రాణం. ఏటా పత్తి సీజను తగ్గి, ఎండలు ముదరక ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఆదోనిలో ఒక మైదానానికి చేరతాం. మద్దికెర నుంచి ఒకాయన, హాలహర్వి నుంచి ఇద్దరు, కౌతాళం నుంచి కన్నడం కలిపి మాట్లాడే అన్నదమ్ములు వస్తారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, బండ్లు తుడుచుకుని, ఊరంతా ఒక చుట్టు తిరుగుతాం. అన్నిటికన్నా పాత బండి ముందు నడవాలి. అది మా బావది. దాని తర్వాతది నాది. ఎనిమిదేళ్లు నేను ఆయన పొగే పీల్చాను.

ఆ లారీ అసలు మా నాయనది. ఆదోని మిల్లుల నుంచి పత్తి బేళ్లు మోసి మమ్మల్ని పెంచిన బండి. నాయన నన్ను దాని స్టీరింగ్ పట్టనివ్వలేదు. "నువ్వు బట్టలకొట్టు సూసుకోప్పా, నీకేమిటికి ఈ డీజిలు కంపు" అనేవాడు. ఆయనకు చూపు మందగించి బండి మూలపడ్డాక, ఇంటి వెనక చోటంతా ఆక్రమించిందని పాత ఇనుము వాళ్లను పిలిచింది నేనే. సంగతి తెలిసి మా బావ ట్రాక్టరు తెచ్చాడు. లారీకి తాడు కట్టి ఎమ్మిగనూరుకు లాక్కుపోయాడు. పీడ వదిలిందని నలుగురి ముందు నవ్వాను కూడా.

మా బావ మగ్గం మీద పెరిగినవాడు. ఏ పనికీ తొందరపడేవాడు కాదు. మూడేళ్లు పొద్దున మగ్గం, సాయంత్రం లారీ. మధ్యలో నేనొకసారి వెళ్లి, "ఇది బతికేది కాదు బావా, వదిలెయ్" అన్నాను. ఆయన నట్టు బిగిస్తూనే, "తెగిన పోగును ముడేసుకోవాల గానీ, మగ్గం మింద కోపం చేస్తే ఏమొస్తాదిరా" అన్నాడు.

మూడో ఏడు ఆ బండి తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఆదోనికి వచ్చింది. మా వీధిలో ఆగింది. పక్క సీట్లో, రెండు రోజుల ముందే అక్క ఇంటికి పోయిన మా నాయన. కళ్లు సరిగా కనిపించని మనిషి, తలుపు మీద చెయ్యేసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన నోట ఒకటే మాట. "అల్లుడు నా బండికి పానం పోసినాడు." వచ్చినవాళ్లకు చెప్పాడు, పోయినవాళ్లకు చెప్పాడు, పాలు పోసే మనిషికీ చెప్పాడు. నేను పూటపూటా మందులిచ్చాను, ఆసుపత్రులు తిప్పాను. కొడుకు ఏం పోశాడో ఎవరికీ చెప్పలేదు. కడుపు మండిపోయింది. నాయన పోయిన ఏడాదే బళ్లారి పక్క నుంచి ఒక ముక్కు లారీ కొనుక్కొచ్చాను.

డబ్బు నీళ్లలా పోసి దానికి రంగులు వేయించాను. పక్కలకు నెమళ్లు, బానెట్ మీద తామరపువ్వు. మైదానంలో నిలబెడితే అద్దంలా మెరిసేది. జనం వచ్చి, బాగుందప్పా అని, నడుచుకుంటూ మా బావ బండి దగ్గరికి పోయేవాళ్లు. అక్కడే ఆగిపోయేవాళ్లు. ఆయనేమీ చేసేవాడు కాదు. లుంగీ ఎగ్గట్టి, జేబులో చేతులు తుడుచుకునే దూది ముద్ద పెట్టుకుని, అడిగినదానికి జవాబు చెప్పేవాడు. అయినా ఆయన చుట్టూ జాతర. నా నెమళ్లను నేనే చూసుకోవాలి.

దానికి తోడు ఆయన బండి వెనక పెద్ద అక్షరాలతో 'నన్ను చూసి ఏడవకు' అని ఉండేది. చాలా లారీల మీద ఉండేదే. కానీ ఆయన వెనకే నడిచే బండి నాది. ఊరంతా తిరిగినంతసేపూ నా కళ్లముందు ఆ అక్షరాలే. ఒకసారి ఆగలేక అక్కను అడిగేశాను. "నా కోసమే రాయించినాడా?" అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "అది నాయన రాపిచ్చిందిరా. రంగు పోతే మీ బావ మళ్లా దిద్దినాడు, అంతే. నీకు గుర్తే లేదా?" గుర్తు లేదు. నాయన తోలే రోజుల్లో ఆ లారీని వెనక నుంచి ఏనాడు చూశాను గనుక.

ఇంకో సంగతి చెప్పాలి. ఊరేగింపులో మాలో ఎవరి బండి వాళ్లు తోలకూడదు. తాళాలు మార్చుకోవాలి. తన బండి రోడ్డు మీద పోతుంటే ఎలా ఉంటుందో సొంతదారుకు ఎప్పటికీ తెలియదు కదా, ఏడాదికోసారి తెలియాలని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. ఏటా మా బావ తన తాళం నా ముందు చాచేవాడు. "ఒక్కతూరి తోల్రా బామ్మర్దీ. నీ బండే మేలని నీకే తెలుస్తాది." ఎంత ఎగతాళి అనుకున్నానో! మా నాయన బండిని ఆయన దగ్గర ఎరువు తీసుకుని తోలాలా? ఒక ఏడు చెయ్యి నొప్పి అన్నాను, ఒక ఏడు నడుం పట్టేసింది అన్నాను. ఆయన తాళం మళ్లీ జేబులో వేసుకునేవాడు. వేరేవాళ్లు అడిగినా ఇచ్చేవాడు కాదు. మిగతావాళ్లు మార్చుకునేవాళ్లు, మేమిద్దరం మాత్రం ఎవరి బండి వాళ్లమే తోలేవాళ్లం. గర్వం అనుకున్నాను.

తాళం తీసుకోకపోయినా నన్ను వదిలేవాడు కాదు. ఒక మగ్గం కర్ర ముక్క ఉండేది ఆయన దగ్గర. దాని ఒక కొస నా ఇంజను మీద, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. "బండిని తుడిస్తే సాలదురా, ఇనాల" అని, నేను అడగకుండానే ఏదో బిగించి, ఏదో వదులు చేసి పోయేవాడు. ఆ తర్వాత బండి బాగా నడిచేది. అదీ ఒళ్లు మండే సంగతే.

మట్టి చేసే రోజు మద్దికెర, హాలహర్వి, కౌతాళం వాళ్లంతా లారీలేసుకుని వచ్చారు. పాడె కదలగానే వీధి పొడవునా నిలిచిన బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఏడుస్తూనే లెక్క పెట్టాను. పదకొండు బండ్లు. నేను పోతే ఎన్ని వస్తాయి అనుకున్నాను. పాడె మోస్తూ కూడా అసూయ పడే మనిషి ఉంటాడా అంటే, ఉంటాడు.

మొన్నటి ఆదివారం మా కలయిక జరిగింది. మా బావ బండి రాదనుకున్నాం. ఎమ్మిగనూరు రోడ్డులో హారన్ వినపడేసరికి అందరం లేచాం. స్టీరింగ్ వెనక మా అక్క. చీర కొంగు నడుముకు బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ఆయన నేర్పాడట, లైసెన్సు కూడా తీయించాడట. నాకు మాటమాత్రం చెప్పలేదు. "ఏడాది కూడా తిరగలేదు కదమ్మా" అని ఎవరో నసిగారు. "ఆయనుంటే ఇంట్లో కూసోబెట్టేటోడా?" అని అక్క దిగింది. నేరుగా నా దగ్గరికి వచ్చి తాళం చాచింది.

"ఈ తూరి యాడ నొప్పిరా?"

తీసుకున్నాను. నా తాళం ఆమెకిచ్చాను.

మైదానం దాటి రోడ్డెక్కేలోపే చెమటలు పట్టాయి. స్టీరింగ్ కుడికి తిప్పితే కాసేపు ఆలోచించుకుని గానీ తిరగదు. బ్రేకు రెండుసార్లు తొక్కాలి. రెండో గేరు నిలవదు. వేసిన మరుక్షణం ఎగిరిపడుతుంది. మోకాలితో అదిమి పట్టుకుంటే తప్ప బండి కదలదు. మొదటి మలుపులోనే బండి ఆగిపోయింది. అక్క దిగి వచ్చింది.

"ఇది ఇట్లుండాదేమక్కా? గేరుబాక్సు మార్చలేదా?"

"యాడరా మార్చేది? బళ్లారి అంతా తిరిగితే మంచిది ఒకటే దొరికింది. ఆ ఏడు నీ బండి గేర్లు అరిగి నిలబడిపోయినాది కదా, దానికి ఏసినాడు. మోకాలు గట్టిగా పట్టు, మీ బావ అట్లనే తోలేటోడు. పోనియ్యి, జనం సూస్తాండారు."

నా బండికేసిన గేరుబాక్సు ఏదో ఆయన దగ్గర మిగులు ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆరోజు ఒక టీ అయినా ఇప్పించానో లేదో గుర్తు లేదు. ఎనిమిదేళ్లు ఈ బండిని మోకాలు కాయలు కాసేలా పట్టుకుని, పైకి మాత్రం నవ్వుతూ తోలాడు ఆ మనిషి. నేను నవ్వబోయాను. చేతకాలేదు. అన్నేళ్లు బండిని చూసి కుళ్లుకున్నవాణ్ని, ఆ రోజు తోలినవాణ్ని చూసి కుళ్లుకున్నాను. ఇది ఈ జన్మకు పోయేది కాదు. పోనక్కర్లేదు కూడా అనిపించింది.

మలుపు తిరిగాక పక్క అద్దంలోకి చూశాను. వెనకాల ఒక లారీ వస్తోంది. కుదుపు లేదు, పొగ లేదు. బానెట్ మీద తామరపువ్వు ఎండలో మెరుస్తోంది. రోడ్డు మీద పోయే నా బండిని అంతవరకు నేనెప్పుడూ చూడలేదు. మా బావ మాత్రం ఈ అద్దంలో దాన్ని ఎనిమిదేళ్లు చూశాడు.