చెవికి అందిన చెయ్యి

ఉదయం ఎనిమిదింబావుకు లింగంపల్లిలో లోకల్ రైలెక్కాను. యాకుత్‌పురా టికెట్, మంచినీళ్ల సీసా, తడిపిన తువ్వాలు, చేతికర్ర. ఎండ ముదిరితే నా కుడి కాలూ కుడి చెయ్యీ నా మాట వినవు. నేనుండే గ్లాస్గోలో ఈ జబ్బుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పారు. నరాల మీది పొరను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాడుచేస్తుందట.

ఈ దేశానికి ఏ వయసులో వచ్చావని అక్కడి డాక్టరమ్మ అడిగింది. ఈ జబ్బు ఎక్కువున్న చలిదేశాలకు చిన్నప్పుడే వెళ్తే అక్కడి ముప్పే వస్తుందని, పెద్దయ్యాక వెళ్తే పుట్టినచోటి తక్కువ ముప్పే చాలావరకు ఉంటుందని, ఆ గీత పదిహేనేళ్ల దగ్గర ఉండొచ్చని అంటారట. ఒక్క మనిషి విషయంలో ఎవరూ తేల్చలేరని కూడా చెప్పింది. నర్సు ఉద్యోగానికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లిన అమ్మ, పక్క కుర్చీలోంచి నాకంటే ముందే పదహారు అంది. ఆ తొందరే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. లాల్‌దర్వాజాలో ఉండే పెద్దమ్మను నా అసలు వయసు అడుగుదామని సెలవు పెట్టి హైదరాబాద్ వచ్చాను. వయసు తెలిస్తే కాలు బాగుపడదు. అయినా ఆగలేకపోయాను.

బేగంపేటలో సీటు దొరికింది. పక్కన గాజుల మూటతో చార్మినార్ వెళ్తున్న పెద్దాయన నా కర్ర చూశాడు.

"గీ వయసుల కర్రేంది బేటీ?"

ఆ వయసెంతో కనుక్కోవడానికే పోతున్నానని ఆయనకేం చెప్పను? నవ్వి ఊరుకున్నాను.

తొమ్మిదీ నలభైకి యాకుత్‌పురా. ఆటో సందు మొదట్లోనే ఆగింది. మిగతాది నడక. పెద్దమ్మ ఉప్మా పెట్టి, చాయ్ పోసి, నా ప్రశ్నకు పకపకా నవ్వింది. వాళ్లబ్బాయి రాజు, నేను ఒకే బోనాలకు పుట్టామట. నేను విమానమెక్కేనాటికి వాడికి పద్నాలుగు. ఆ రోజుల్లో బడిలో చేర్చుకోవాలంటే చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందితే ఐదేళ్లు నిండినట్టు లెక్క.

"నీకు మూడేండ్లే, అందలే బిడ్డా. మీ అమ్మకేమో డ్యూటీ, నిన్ను చూసుకునేటోళ్లు లేరు. ఎనకనుంచి మోచెయ్యి పట్టి గుంజింది. సారు ఐదేండ్లని రాసిండు."

అంటే అమ్మకు మొదటినుంచీ తెలుసు. ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ భోజనానికి ఉండమన్నా వినకుండా లేచాను. అటు వెళ్లేవాళ్లెవరైనా ఎండెక్కక ముందే తిరిగి రండి. నేను రాలేదు. స్టేషన్ చేరేసరికి పన్నెండు దాటింది, కాలు ఈడ్చుకుంటూ రైలెక్కాను.

మలక్‌పేట దాటాక అమ్మ ఫోన్ చేసింది. అక్క ఏమన్నదని అడిగింది. అంతా చెప్పిందన్నాను.

"కాయిదం మీద పదహారే ఉండె కదా బిడ్డా. గదే నిజమైతే మంచిగుండు అనుకున్న. ఇంకో రెండేండ్లు అక్క కాడ ఉంచకపోతిని."

అమ్మను అనేద్దామని దాచుకున్న మాటలన్నీ వదిలేశాను. ఇన్నాళ్లూ ఆ రెండేళ్లను అమ్మ ఒక్కతే మోసింది. నీవల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదని చెప్పాను. నమ్మినట్టు లేదు.

స్పీకర్ నొక్కి ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. కుడి చెయ్యి తల మీదుగా ఎత్తాను. నడినెత్తి దగ్గరే ఆగిపోయింది. ఎదుటి సీటులోవాళ్లు చూస్తున్నారు. చూడనీ. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టి, అమ్మ గుంజినట్టే గుంజాను.

"అమ్మా," అన్నాను, "అందింది."