కూడబలుక్కుని చదివిన నవల

డెబ్బైల చివర్లో ఒకసారి భీమిలి నుంచి విశాఖపట్నం వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ, అట్ట ఊడిన చారిత్రక నవలొకటి కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. కిటికీ పక్కన ఆమె భర్త నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వింటున్నాడు.

“మొదటిసారి చదువుతున్నారా?” అని అడిగాను.

“ఎన్నోసారో లెక్కలేదమ్మా. పెళ్ళయిన కొత్తల్లో ఈయనే నాకు సదివి ఇనిపించీవోరు. జబ్బు సేసి కళ్ళు పోనాయి. అప్పుడు నాను అచ్చరాలు నేర్సుకున్నాను.”

యుద్ధానికి బయలుదేరిన రాజును రాకుమారి పిలిచేచోట ఆవిడ ఆగిపోయింది. మాట కొరుకుడుపడలేదు. నేను అందించబోతే ఆయన చెయ్యెత్తి వారించాడు.

“ఉండమ్మా, అదే సదువుతాది.”

ఆ మాట అప్పటికే ఆయన పెదవుల మీద చప్పుడు లేకుండా ఆడుతోంది. అయినా తొందరపెట్టలేదు. ఆవిడ అక్షరాల కింద వేలు పెట్టుకుని ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయి, చివరికి బస్సంతా వినేలా చదివేసింది.

“హృదయేశ్వరా!”

“ఆఁ, ఇక్కడే ఉన్నానే,” అన్నాడాయన.

ముందు సీట్లవాళ్ళు గొల్లున నవ్వారు. ఆవిడ సిగ్గుపడి పుస్తకంతో ముఖం కప్పుకుంది.

ఎవరైనా చదువుతూ తడబడితే, నేనిప్పటికీ మాట అందించను.