అక్క వాటా నీళ్లు

నీలం నగర్‌లో అంబాదాస్ ఇంటి వెనక రెండే మొక్కలుండేవి. గోడవారగా కరివేపాకు, సగానికి కోసిన రంగు డ్రమ్ములో మల్లె. రెండూ అతని అక్క గంగుబాయి పెంచినవే. చిన్న వయసులోనే భర్త పోతే ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అతను పవర్‌లూమ్ షెడ్డులో టవళ్లు నేసేవాడు, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. అంబాదాస్ పెళ్లి మాట ఎప్పుడో వచ్చింది, ఎటూ తేలకుండానే పోయింది.

నల్లాలో నీళ్లు నాలుగైదు రోజులకోసారి వచ్చేవి. ఆ పొద్దున ఇద్దరూ కలిసి రెండు నీలం డ్రమ్ములు నింపేవాళ్లు. మనిషికొకటి. తన డ్రమ్ములోంచే అతను ఒక చెంబు ఎక్కువ ముంచుకున్నా గంగుబాయి ఊరుకునేది కాదు.

“అరే తమ్మీ, బకెట్ నిండా ఎందుకురా? నీల్లు ఏమన్న పైస లేకుంట ఫుకట్ వస్తున్నయా?”

బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు, బీడీ ఆకు నానబెట్టిన నీళ్లు మల్లెకు. మంచినీళ్లు మొక్కకు పోయడం ఆ ఇంట్లో లేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం బీడీల చేట ముందే ఆమె ఒరిగిపోయింది. అంబాదాస్ షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది.

ఆ తర్వాత కూడా నల్లా వచ్చినప్పుడల్లా అతను రెండు డ్రమ్ములూ నింపాడు. తనది ఖాళీ అయ్యేది. అక్కది నిండుగానే ఉండేది. మళ్లీ నీళ్లు వచ్చేలోపు పాతవి తీసేయాలి. మురుగు మోరీలో పారబోయడానికి మనసొప్పక బకెట్లతో మోసి మల్లెకు పోసేవాడు. ఆకులు పసుపుబారాయి. దాహమేమోనని ఇంకా పోశాడు. దీపావళి నాటికి పుల్లలే మిగిలాయి.

పక్కింటి భాగ్యలక్ష్మి కరివేపాకు కోసం వచ్చి చూసింది. మట్టిలో వేలు గుచ్చి వాసన చూసింది.

“అన్నా, ఇది ఎండలే. నీల్లు ఎక్కువై ఏర్లు కుళ్లినయి.”

“అక్క రోజూ పోసేది గదా?”

“అక్క చెంబెడు పోసేది. నువ్వు డ్రమ్మెడు పోస్తున్నవ్.”

“మరి ఏం జెయ్యాలె? అవి అక్క నీల్లు.”

భాగ్యలక్ష్మి వేలికంటిన మట్టి దులుపుకుంది. తర్వాత మెల్లగా అంది: “మా ఇంట్ల మాకు నీల్లు సరిపోతలెవ్వు. అక్క డ్రమ్ము మాకియ్యి అన్నా.”

సాయంత్రం ఆమె భర్త మహేశ్ వచ్చి, నీళ్లు బిందెల్లోకి ఎత్తి, నీలం డ్రమ్మును దొర్లించుకుపోయాడు. అది ఉన్నచోట నేల మీద తడి గుండ్రం మిగిలింది. అంబాదాస్ మల్లెను వేర్లతో సహా పీకేశాడు.

తర్వాత నల్లా వచ్చిన రోజు ఒక్క డ్రమ్ము నింపేసరికి పని అయిపోయింది. నల్లా కట్టేసి గడప మీద కూర్చున్నాడు. పక్కింట్లో బిందెల చప్పుడు, పిల్లల కేకలు, మహేశ్ విసుగు. అక్కడ నీళ్లు ఇంకా ధారగా పడుతున్నాయి.

“అన్నా, చా తాగుతవా?” భాగ్యలక్ష్మి గోడ మీంచి అడిగింది.

“తాగిన చెల్లే,” అన్నాడు అంబాదాస్. ఆ పొద్దున అతను పొయ్యి కూడా వెలిగించలేదు. ఖాళీ కడుపుతోనే చెప్పులేసుకుని, ఇంకా తెరవని షెడ్డు వైపు నడిచాడు.