చుక్కల మధ్య బంతి

మా చిన్నప్పుడు ముగ్గు తొక్కితే వీపు విమానం మోత మోగేది... మా అమ్మాయి యమున చిన్నప్పుడు మాత్రం నేనే చుక్కలు పెట్టి, "రా మే, బంతి తోసుకో" అని పిలిచేదాన్ని.

మాది పుదుచ్చేరిలో ముత్తియాల్‌పేట. నేను ఆరో తరగతితో బడి మానేశాను, అదీ అరవం బడి. తెలుగు అక్షరాలు మా అమ్మ చేటలో బియ్యప్పిండి పరిచి దిద్దించింది. తప్పులుంటే మన్నించండి.

తెల్లారి కళ్ళాపి చల్లి వరుసకు ఏడు చుక్కలు పెడతానా... గీతలు కలిపేలోపు యమున వచ్చేసేది. చుక్కల మధ్య నుంచి బంతిని కాలితో తిప్పుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. ఒక్క చుక్క చెరిగినా ఆ రోజు అంట్లు తనే తోమాలి. అది మా ఇద్దరి పందెం. దాని కోసం చుక్కలు ఎడం ఎడంగా పెట్టేదాన్ని. ముగ్గు సగం సందు దాకా పోయేది, స్కూటర్ల వాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

దానికి పదేళ్ళు వచ్చాక ఇంక అంట్లన్నీ నేనే తోముకున్నాను.

ఆ బంతి కయల్ తెచ్చింది. యమున క్లాసు పిల్ల, ఉండేది సముద్రం ఒడ్డున కురుచికుప్పంలో. వాళ్ళ నాన్న వలలో చేపలతో పాటు పడిందట. మాది నీచు తినని ఇల్లు... సీకాయతో రెండుసార్లు తోమినా వాసన పోలేదు. ఇంట్లోకి తేవద్దు, అరుగు కిందే పెట్టమన్నాను.

కయల్ అరవం పిల్లే గానీ యమునతో తిరిగి తెలుగు పట్టేసింది. ఆటే పట్టుబడలేదు. వరుసకు రెండు చుక్కలు చెరిపేది.

"ఏంది మే, నేను పెట్టేది, నువ్వు చెరిపేదేనా?" అనేదాన్ని.

"నా కాలు పెద్దది అమ్మా. నీ చుక్కలే చిన్నవి."

"కాలు కాదు, నీ తలకాయ పెద్దది," అనేది యమున. "కింద చూడొద్దు మే. ముందుకు చూడు."

మా ఊళ్ళో స్నేహితురాలి తల్లిని కూడా అమ్మా అనే పిలుస్తారు. అప్పట్లో ఆ పిలుపు ముద్దుగానే ఉండేది...

వాళ్ళకు పద్నాలుగేళ్ళప్పుడు పుదుచ్చేరి జూనియర్ ఫుట్‌బాల్ జట్టుకి ఎంపికలు జరిగాయి. యమున పదకొండు మందిలో ఉంది, ఎడమ పక్క ఆట. కయల్ ఎక్స్‌ట్రాల్లో. నేను ఊరుకున్నానా? కయల్ వాళ్ళ అమ్మ మా వీధి చివర చేపలమ్ముతుంది. పని లేకపోయినా అక్కడిదాకా పోయి, "మీ పిల్ల బయట కూర్చుంటుందంట గదా" అన్నాను. ఆమె నవ్వి, "ఏదైతేనేం అక్కా, ఇద్దరూ మన పిల్లలే గదా" అంది.

ఆ వారంలోనే యమునకు జ్వరం. నాలుగో రోజుకి నా బిడ్డ లేదు. ఇంతకంటే రాయలేను...

యమున చోట్లో కయల్‌ని ఆడించారు. జెర్సీ అప్పటికే కుట్టించేశారు, పదకొండో నంబరు. ఆ పిల్ల పొడుగు, దానికి పొట్టిదయింది. అయినా అదే వేసుకుని గోల్ కొట్టింది.

అప్పటి నుంచి వీధిలో అందరూ ఆ పిల్ల ఫోటోలు నా ఫోనుకు పంపేవాళ్ళు. ఒక్కదానికీ లైక్ కొట్టలేదు. దాచేదెందుకు... కుళ్ళు. ఆ పిల్ల గెలిచిన రోజు నాకు అన్నం సయించేది కాదు. ఓడిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని. వాళ్ళ అమ్మ "ఈ పిల్ల మేజోళ్ళు కంపు, ఉతకలేక చస్తన్నా" అని విసుక్కుంటే, ఆ విసుగు చూసి కూడా నా కడుపు మండేది. నాకు ఉతకడానికి ఏముంది?

చావు జరిగిన ఇంట్లో ఏడాది ముగ్గు పెట్టరు. ఏడాది దాటింది, ఇంకో ఏడాదీ దాటింది. నా చెయ్యి పిండి ముట్టలేదు.

పోయిన వారం పొద్దున్నే కయల్ వచ్చింది, భుజాన సంచితో. దేశం జట్టు క్యాంపుకి పిలిచారట.

"అమ్మా, పోయే ముందు ఒక్కసారి చుక్కలు పెడతావా?"

"మా ఇంట్లో ముగ్గు లేదు. ఎవుర్నడిగి వచ్చినావు?"

"యమున బంతి యాడుంది?"

తనే వంగి అరుగు కింద నుంచి తీసింది. గాలి సగం పోయి మెత్తబడింది.

నేను లోపలికి పోయి పిండి తెచ్చాను. ఎందుకు తెచ్చానో నిజం చెప్తాను... ఆ పిల్ల ఓడిపోవాలని. బంతి పట్టీ పట్టనంత దగ్గర దగ్గరగా పెట్టాను చుక్కలు. కయల్ వాటిని చూసింది, నన్ను చూసింది.

చెప్పులు విప్పి మొదలుపెట్టింది. "కింద చూడొద్దు మే... ముందుకు చూడు..." అని తనలో తను గొణుక్కుంటోంది. అచ్చం మా యమున యాసే. ఒక వరుస... రెండో వరుస... ఒక్క చుక్క చెరగలేదు. నేను పళ్ళు కరుచుకుని చూస్తున్నాను.

ఆఖరి చుక్క దగ్గర ఆగింది. కాలి బొటనవేలితో తనే దాన్ని మెల్లగా చెరిపేసింది.

"ఓడిపోయినాను అమ్మా," అంది. "అంట్లు యాడున్నాయి?"

నా జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయి తోమింది. తోమిందంటే ఏముంది... గిన్నె అడుగున మాడు అట్లానే ఉంది. యమున కూడా అంతే, మాడు వదిలేది. ఆ గిన్నె ఇంకా అట్లానే బోర్లించి ఉంచాను.

కుళ్ళు పోయిందని చెప్పను. పోలేదు. క్యాంపు నుంచి ఆ పిల్ల రోజూ ఫోను చేసేది వాళ్ళ అమ్మకే గదా...

ఇప్పుడు మా సందులో అన్ని గుమ్మాల ముందూ స్టిక్కరు ముగ్గులే. బంతి తగిలినా చెరగవు, ఎవరూ తిట్లు తినరు. మీ ఇంట్లో ముగ్గు చెరిపే పిల్లలుంటే వాళ్ళ పేర్లు కింద రాయండి... కుళ్ళుకుంటూనే అయినా, అన్నీ చదువుతాను.