కొల్లేటి గట్టున ఆరింటికే మూతపడే కొట్లు

కొల్లేటి గట్టు మీది చిన్న కొట్లను సాయంత్రం ఆరింటికల్లా మూయిస్తున్నది అక్కడి పడవల రిసార్టు యజమాని. దీపాల వెలుతురు పక్షులకు పడదట. ఆయన క్యాంటీను మాత్రం రాత్రి పదింటిదాకా రంగురంగుల లైట్లతో వెలుగుతూ ఉంటుంది. గూడబాతుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే వెళ్లాలి.

నేను వెళ్లిందీ వాటికోసమే. చలికాలపు సాయంత్రం అవి గూళ్లకు చేరడం చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కి, భీమడోలు మీదుగా ఏలూరు చేరి, కైకలూరు బస్సు పట్టుకున్నాను. రోడ్డు మీద దిగాక గట్టుదాకా షేరాటో, మనిషికి ఇరవై. "తినేదేదో ఇప్పుడే తినేయండి. ఆరు దాటితే గట్టు మీద మంచినీళ్లు కూడా పుట్టవు" అన్నాడు ఆటో ఆయన. వేళాకోళమనుకున్నాను.

ఆఖరి పడవ ఐదింటికి బయల్దేరుతుంది. తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. చలిగాలికి అందరికీ ఆకలి. గట్టు మీద కొట్లన్నిటికీ టార్పాలిను పట్టాలు దించేసి ఉన్నాయి. నాతో దిగినవాళ్లంతా తిన్నగా క్యాంటీనులోకి నడిచారు. చేపలు వేపే మరియమ్మగారు ఒక్కరే తన కొట్టు పట్టాకు తాడు కడుతున్నారు.

"రెండు ముక్కలు వేపుతారాండి?"

"పొయ్యి ఆర్పేశానండి. ఏమనుకోకండి."

"ఆరింటికి మూయమని కాగితం ఏమన్నా ఇచ్చారా?"

"కాగితమేం లేదండి. రిసార్టాయనే ఇంటికొచ్చారు. మా అరుగు మీద కూర్చుని టీ తాగి, 'నాలుగు రోజులు సర్దుకోండి అక్కా' అన్నారు. గుమ్మంలోకొచ్చిన మనిషికి కాదని ఎలా చెప్తామండి? అలాగేనండి అన్నాం. ఇప్పుడేమో, మీరంతా ఒప్పుకున్నారుగా అంటున్నారు."

పక్కన టీకొట్టు సత్యంగారు నవ్వారు. "మా అక్క టీలో పంచదార ఎక్కువేసిందండి. ఆ రుచి మరిగి నాలుగు రోజుల్ని నాలుగు నెలలు చేశాడాయన."

మరియమ్మగారు నవ్వలేదు. పడవలు తిరిగొచ్చాకే ఆవిడకు బేరం. అంతకుముందు గట్టు మీద చేప తినేవాళ్లెవరు? "ఈ ఆదివారం దాకా చూస్తానండి. సోమవారం నుంచి రొయ్యల షెడ్డుకి పోతాను. ఐసులో చేతులు పెట్టి తలలు తీసే పని. ఈ మూకుడు అమ్మేస్తే మళ్లీ కొనలేను."

"ఆదివారం ఆరింటికి కొట్టు తెరవండి. నలుగుర్ని వెంటబెట్టుకుని వస్తాను" అన్నాను.

"మీరు బస్సెక్కి పోతారండి. రేపాయన మొహం చూడాల్సింది మేము" అన్నారు సత్యంగారు.

ఆవిడ తాడు ముడి వేసి అన్నారు. "జనం వస్తే తెరుస్తానండి. ఒక్కదాన్నే అయితే తెరవలేను."

తిరుగు బస్సులో కిటికీలోంచి ఆ రిసార్టు లైట్లు చాలాదూరం కనిపించాయి. మన వైపు మనుషులు మెత్తగా మాట్లాడతారని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనాన్నే సంతకంగా వాడుకునే పెద్దమనుషులున్నారు. ఆరోజు క్యాంటీనులో కడుపు నింపుకున్నవాళ్లకు పక్షులు నచ్చే ఉంటాయి. పక్కన చీకట్లో ఎవరి పొయ్యి ఆరిందో వాళ్లడగలేదు. అడగనంతకాలం ఆయనకు కాగితంతో పనే లేదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: వచ్చిన ఆటోనే తిరుగు ప్రయాణానికీ ముందే మాట్లాడుకోండి, చీకటి పడ్డాక దొరకవు. ఆకలితో రండి, క్యాంటీను గుమ్మం తొక్కకండి. ఈ ఆదివారం సాయంత్రం సరిగ్గా ఆరింటికి, పడవల రేవు దగ్గర, మరియమ్మగారి కొట్టు ముందు కలుద్దాం.