తిరగేసిన పిన్ను

నవ్వకుండా వింటానంటే చెప్తాను. నవ్వినా ఫర్వాలేదు లెండి, మొన్న శనివారం మా మామగారి ఊరంతా ఎలాగూ నవ్వేసింది. మామగారి రిటైర్మెంటు సభ. యాంప్లిఫయర్ నాది. దాన్ని నా చేత్తో నేనే పేల్చేసేను!

అసలు గొడవ అమలాపురంలో మొదలైంది. మాకో రేడియో హాబీ సంఘం ఉందని మీకు తెలుసు కదా. ఆదివారం మా చర్చి అయ్యాక, పెద్దిరాజుగారి రేడియో రిపేరు షాపు వెనక గదిలో చేరేవాళ్లం. మేస్టర్లు, గుమాస్తాలు, కొబ్బరికాయల కమీషన్ వ్యాపారం చేసే ఒకాయనా. రూలు ఒకటే. ఎవరు ఏ సర్క్యూట్ చేసినా బోర్డు మీద గీసి చూపించాలి. ఎవరైనా రాసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి బాగుచేస్తే మళ్లీ వచ్చి అందరికీ గీసి చూపించాలి. దాపరికం లేదు. అలా రేడియోలు చేసేం, యాంప్లిఫయర్లు చేసేం. అన్నిటికీ కలిపి ఎలిమినేటర్ కూడా చేసేం. అదేనండీ, బ్యాటరీలకి బదులు గోడ ప్లగ్గులో పెట్టుకునే డబ్బా. అందరిదీ ఒకటే డిజైను కాబట్టి ఒకరి డబ్బా పిన్ను ఇంకొకరి సెట్టుకి కళ్లు మూసుకుని గుచ్చేసేవాళ్లం.

బాగానే ఉంది కదా? నాకే ఒళ్లు మండింది. కూర్చున్నంతసేపూ రేడియోవాళ్ల ఏరియల్ గోలే! మా యాంప్లిఫయర్ల సంగతి ఎత్తేసరికి టీ వచ్చేది. టీ అయ్యేసరికి బస్సు టైమయ్యేది. ఓ వారం లేచి నిలబడి, "విడిపోదాం. రేడియో సంఘం వేరు, యాంప్లిఫయర్ సంఘం వేరు" అనేసేను.

పెద్దిరాజుగారు నెమ్మదైన మనిషి. "ఏవండీ మేస్టారూ, రెండిట్లోనూ సగం సర్క్యూట్ ఒకటేనండీ. మేం ఏదైనా బాగుచేస్తే మీకెవరు చెప్తారండీ? మరి ఎలిమినేటర్ ఏ సంఘానిదండీ?" అన్నారు.

"చెరోటీ చేసుకుందామండీ. ఎవరి పని వాళ్లకి శుభ్రంగా ఉంటుంది."

"ఆయ్" అన్నారాయన.

అక్కడితో ఊరుకున్నానా? మా బడి సైన్సు గదిలో కొత్త సంఘం మొదటి మీటింగులోనే ఓ రూలు పెట్టేను. "పాత డిజైన్లో పిన్నుకి లోపల ప్లస్సు, బయట మైనస్సు. మనం తిరగేద్దాం. వాళ్లవీ మనవీ కలవకూడదు!" మావాళ్లందరూ "ఆయ్ మేస్టారూ" అన్నారు. ఇంటికెళ్లగానే నా యాంప్లిఫయరూ, నా ఎలిమినేటరూ రెండూ తిరగేసేసేను. ఎంత గర్వమో!

ఇంతలో మామగారి సభ వచ్చింది. ఆయన హెడ్మాస్టరు. నాకు పిల్లనిచ్చిన దగ్గర్నుంచీ నన్నొక్క మాట మెచ్చుకుంటే ఒట్టు. "అల్లుడుగారికి ఆ వైర్లేవిటో, ఆ కాలిన కంపేవిటో" అంటూంటారు. అందుకే మైకు నేనే పెడతానని పట్టుబట్టేను. ఈ ఒక్కసారికైనా ఆయన నోట మంచిమాట అనిపించుకోవాలి. అదే నా బాధ.

నేనూ మా ఆవిడ సుగుణా రెండు బస్సులు మారి వెళ్లేం. స్టేజీ మీద అన్నీ సర్ది సంచి తెరిస్తే ఎలిమినేటర్ లేదు!

"సుగుణా, డబ్బా ఏదీ?"

"అదాండీ? నాన్నగారి దండ నలిగిపోతోందని తీసి ఇంట్లో బల్ల మీద పెట్టేసేనండీ."

వెనక్కెళ్లి తెచ్చే టైము లేదు. కుర్చీలన్నీ నిండిపోయేయి. ముందు వరసలో చూద్దును కదా, పెద్దిరాజుగారు! ఆయన మామగారి పాత శిష్యుడు. గురువుగారి మాటలు పట్టుకుందామని టేప్ రికార్డరూ, దానికో ఎలిమినేటరూ తెచ్చుకున్నారు. ఒక్క గెంతులో ఆయన దగ్గరున్నాను.

"పెద్దిరాజుగారూ, మీ డబ్బా ఓసారి ఇవ్వండి!"

"తీసుకోండి, దానికేం. మరి మీ సంఘంలో ఏదో మార్చేరని విన్నానండీ..."

"కరెంటుకి సంఘాలేవిటండీ బాబూ! ఇలా ఇవ్వండి!"

ఆ మాటన్నది ఎవరనుకున్నారు? విడిపోదామని గొంతు చించుకున్న నేనే! కంగారులో రూలు గుర్తుంటేనా? చేతికి పాత అలవాటే వచ్చింది. మామగారు మైకు ముందుకొచ్చేరు. నేను పిన్ను గుచ్చి స్విచ్ వేసేను.

ముందు సుయ్‌మంది. ఆనక ఢామ్! ప్లస్సూ మైనస్సూ తారుమారై లోపల పెద్ద కెపాసిటర్ పేలిపోయింది. పెట్టె కంతల్లోంచి పొగ, పొగ వెనకాల దూదిలాంటి కాగితం పీచు. ఆ పీచు వెళ్లి వెళ్లి మామగారి మల్లెదండ మీదా, బట్టతల మీదా వాలింది. ముందు వరస మొత్తం ఖాళీ! నేను పెట్టె చంకన పెట్టుకుని తెర వెనక్కి పోయేను. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి.

మామగారు తల దులుపుకుని, మైకు పక్కకి జరిపి, ఉత్త గొంతుతోనే మాట్లాడేరు.

సభ అయ్యాక పెద్దిరాజుగారి చేతులు పట్టుకున్నాను. "బుద్ధొచ్చిందండీ, మళ్లీ కలిసిపోదాం. మావాళ్లందరి పిన్నులూ పాత పద్ధతికి మార్పించేస్తాను."

ఆయన ఇబ్బందిగా నవ్వేరు. "మార్చక్కర్లేదండీ. మీవాళ్లెవరూ తిరగెయ్యలేదు. మీ మొహం మీద కాదనలేక ఊరుకున్నారంతే. మీ మీటింగ్ అవగానే అందరూ తిన్నగా మా షాపుకే వస్తున్నారండీ."

అంటే ఆ సంఘంలో ప్రెసిడెంటునీ నేనే, మెంబర్నీ నేనే! సరే, అదీ మింగేను.

భోజనాల దగ్గర మామగారు పిలిచేరు. "అల్లుడుగారూ, ఇలా రండి." తల దించుకుని వెళ్లేను.

"మైకుంటే ఎవడి కబుర్లు వాడు చెప్పుకుంటాడండీ. ఇవాళ చీమ చిటుక్కుమంటే వినపడింది. భేష్!"

కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది. ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకి వంగేరు.

"వచ్చే నెల మా చర్చి వార్షికోత్సవం. మైకు మీరే తేవాలి. ఆ వచ్చే ప్రసంగీకుడికి మైకు దొరికితే ఓ పట్టాన వదలడు, లేకపోతే నోరు పెగలదు. ఆయన లేచి గొంతు సవరించుకోగానే, ఆ పిన్ను గుచ్చెయ్యండి."